మూల పత్రాలతో చరిత్ర పాఠం: అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వర్క్‌షీట్లు, డాక్స్‌టీచ్ మన తరగతికి పనికొస్తాయా?

చరిత్ర చెప్పే టీచర్ల కోసం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ రెండు వనరులను ఉచితంగా ఇస్తోంది. మొదటివి, పాత పత్రాలను పరిశీలించడం నేర్పే వర్క్‌షీట్లు. ఇవి పీడీఎఫ్‌లు, లాగిన్ లేకుండా ఎవరైనా దింపుకోవచ్చు. రెండోది 2010లో మొదలైన డాక్స్‌టీచ్ వెబ్‌సైటు. ఆర్కైవ్స్‌లోని వేలాది పత్రాల స్కాన్లు, వాటితో తయారుచేసిన తరగతి యాక్టివిటీలు అందులో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైస్కూళ్లలో సోషల్ చెప్పేవారికి, ఇంటర్‌లో చరిత్ర చెప్పేవారికి ఇవి ఎంతవరకు ఉపయోగపడతాయో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. మా అభిప్రాయం ముందే చెబుతాం. వర్క్‌షీట్లను తప్పకుండా తీసుకుని తెలుగులోకి మార్చుకోండి. డాక్స్‌టీచ్‌లో మాత్రం రెడీమేడ్ యాక్టివిటీల కన్నా పత్రాలే విలువైనవి, వాటిని ఏరుకోండి.

తరగతిలో మూల పత్రం వాడటమంటే చాలాచోట్ల జరిగేది ఇది: టీచరు ఒక పాత ఉత్తరాన్ని ప్రొజెక్టర్ మీద వేసి, తానే చదివి, తానే అర్థం చెప్పి, తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. పిల్లలకు అది పాఠ్యపుస్తకంలో ఇంకో పేరాగా మిగులుతుంది. వాళ్లు పత్రాన్ని చూడలేదు, టీచరు చెప్పింది విన్నారంతే. నేషనల్ ఆర్కైవ్స్ షీట్లు ఈ లోపాన్ని ప్రశ్నల వరుసతో సరిచేస్తాయి. వాటిలోని ప్రశ్నలు ఏవీ కొత్తవి కావు. ఏది ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అన్న క్రమంలోనే వాటి పనితనం ఉంది.

షీట్లలో ఏముంది

ఫొటో, రాత పత్రం, పోస్టరు, కార్టూను, మ్యాపు, వస్తువు, చిత్రలేఖనం, వీడియో, శబ్ద రికార్డింగు వంటి ఒక్కో రకం ఆధారానికి ఒక్కో షీటు ఉంది. ప్రతిదానికి రెండు స్థాయిలు. ఒకటి చిన్న తరగతులవారికి, ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి. రెండోది హైస్కూలు స్థాయి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియానికి మారిన పిల్లలున్న తరగతికి మొదటి స్థాయి షీటే మేలు. పదో తరగతి అయినా మొహమాటపడక్కర్లేదు. వాక్యాలు చిన్నవి, ప్రశ్నలు తక్కువ, ఆలోచన మాత్రం అంతే ఉంటుంది.

ప్రతి షీటులో నాలుగు మెట్లుంటాయి: పత్రాన్ని పరిచయం చేసుకోవడం, దాని భాగాలను గమనించడం, అర్థం చేసుకునే ప్రయత్నం, చారిత్రక ఆధారంగా వాడుకోవడం. రాత పత్రం షీటులోని ప్రశ్నలను తెలుగు తరగతికి ఇలా మలుచుకోవచ్చు.

పరిచయం: ఇది ఏ రకం పత్రం? ఉత్తరమా, టెలిగ్రామా, రిపోర్టా, కోర్టు కాగితమా, పత్రికా? దీన్ని చూడలేని మనిషికి చెబుతున్నట్టు వర్ణించండి. చేత్తో రాసిందా, టైపు కొట్టిందా? అంతా ఒకరి దస్తూరీయేనా? ముద్రలు, కొట్టివేతలు ఉన్నాయా?

గమనింపు: ఎవరు రాశారు? ఎవరికోసం రాశారు? ఎప్పటిది? ఎక్కడిది?

అర్థం: ఇది దేని గురించి? ఒక్క వాక్యంలో చెప్పండి. ఎందుకు రాశారు? అలా అని పత్రంలోని ఏ మాటలను బట్టి అనుకుంటున్నారు? ఆ రోజుల్లో ఏం జరుగుతోంది?

ఆధారం: మరెక్కడా దొరకని ఏ సంగతి ఇందులో దొరికింది? ఈ విషయం ఇంకా బాగా తెలియాలంటే ఏయే పత్రాలు చూడాలి?

చూడలేని మనిషికి వర్ణించే ప్రశ్నే ఈ షీటుకు ప్రాణం. చాలామంది టీచర్లు టైము లేదని దీన్నే దాటేస్తారు, అది పొరపాటు. మార్కులు బాగా తెచ్చుకునే పిల్లలు పత్రం పైన ఉన్న పేరు చూడగానే గైడులో చదివింది అప్పజెప్పడం మొదలుపెడతారు. వర్ణించమన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది, కాగితం చూడక తప్పదు. చదువులో వెనకబడిన పిల్లలు కూడా ఇక్కడ మిగతావారితో సమానంగా మాట్లాడగలుగుతారు, ఎందుకంటే ముద్రను, కొట్టివేతను గుర్తించడానికి ముందస్తు జ్ఞానం అక్కర్లేదు. ఈ మెట్టుకు ఐదు నిమిషాలకు తగ్గకుండా ఇవ్వండి.

ఫొటో షీటులో దీనికి సమానమైనది మూడు గడుల పట్టిక: మనుషులు, వస్తువులు, పనులు. ఫొటోలో కనిపించేదే రాయాలి, ఊహించింది రాయకూడదు. బాలకార్మికుల మీద లూయిస్ హైన్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తీసిన ఫొటోలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నూలు మిల్లులో యంత్రం పక్కన నిలబడ్డ పిల్లను చూపిస్తే తరగతి వెంటనే ‘పాపం, పేదరికం’ అంటుంది. పట్టిక నింపమంటే మాటలు మారతాయి: యంత్రం ఎత్తెంత, పిల్ల భుజం ఎక్కడికి వచ్చింది, కాళ్లకు చెప్పులున్నాయా, కెమెరా వైపే ఎందుకు చూస్తోంది? ఈ చివరి ప్రశ్న నుంచే ‘ఈ ఫొటో ఎవరు, ఎందుకు తీశారు’ అన్న దగ్గరికి పిల్లలు తామే చేరుకుంటారు. హైన్ బాలకార్మిక వ్యతిరేక కమిటీ కోసం పనిచేసిన ఫొటోగ్రాఫరని అప్పుడు చెప్పండి, ముందు కాదు.

రోజా పార్క్స్ కాగితాలు: పూర్తి నమూనా

అమెరికా పౌరహక్కుల ఉద్యమం చెప్పే టీచరుకు డాక్స్‌టీచ్‌లో దొరికే మంచి కట్ట ఇది. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ నగరంలో, బస్సులో సీటు వదలనన్న నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్‌ను అరెస్టు చేసినప్పటి పోలీసు రిపోర్టు, ఆమె వేలిముద్రల కార్డు, బస్సులో ఆమె ఎక్కడ కూర్చుందో చూపే సీట్ల పటం. మూడూ కలిపి నాలుగైదు ఏ4 కాగితాలకు మించవు.

నలుగురేసి పిల్లల గుంపుకు ముందు పోలీసు రిపోర్టు మాత్రమే ఇవ్వండి. మిగతావి దాచండి. అది టైపు కొట్టిన ఫారం. ఫిర్యాదుదారు బస్సు డ్రైవరు. తెల్లవారి భాగంలో ఒక నల్లజాతి స్త్రీ కూర్చుని వెనక్కి జరగనంటోందని డ్రైవరు చెప్పినట్టు పోలీసులు అందులో రాశారు. పిల్లలు దీన్ని ఒక వాక్యంలో రాస్తే, ‘తెల్లవాళ్ల సీట్లో కూర్చున్నందుకు అరెస్టు చేశారు’ అని వస్తుంది. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి ఉంచండి.

ఇప్పుడు సీట్ల పటం ఇవ్వండి. ముందున్న పది సీట్లు తెల్లవారికి కేటాయించినవి. ఆమె కూర్చున్నది వాటి వెనక వరుసలో. బోర్డు మీది వాక్యం పటంతో సరిపోదు. ఇక్కడ టీచరు సమాధానం చెప్పకుండా ఆగాలి. రిపోర్టు రాసినవారికి ఆ సంగతి ఎవరు చెప్పారు? వాళ్లు బస్సెక్కి చూశారా, డ్రైవరు మాట రాశారా? రిపోర్టులో ఆమె మాట ఒక్కటైనా ఉందా? ఒకే ఘటన గురించి రెండు కాగితాలు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏం చేయాలన్నదే చరిత్రకారుడి అసలు పని. అది ఈ రెండు కాగితాలతో పదో తరగతి పిల్లలకు చేతికందుతుంది.

ఆ తర్వాత అడగాల్సింది షీటులో లేని ప్రశ్న, కానీ చాలా గట్టిది: అరెస్టు చేసింది నగర పోలీసులు కదా, ఈ కాగితాలు జాతీయ ఆర్కైవ్స్‌కు ఎలా చేరాయి? జవాబు బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసు. బస్సుల్లో వేర్పాటు, అంటే తెల్లవారిని, నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం, చెల్లదని కొందరు నల్లజాతి స్త్రీలు ఫెడరల్ కోర్టులో వేసిన ఆ కేసులో ఇవి సాక్ష్యపత్రాలుగా దాఖలయ్యాయి. రోజా పార్క్స్ ఆ కేసులో వాది కాదు. 1956 జూన్‌లో జిల్లా కోర్టు వేర్పాటును కొట్టేసింది, నవంబరు 13న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆమె అరెస్టుకు నిరసనగా నల్లజాతివారు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. ఒక్క మనిషి సాహసంగా చదివిన కథ వెనక వాదులు, లాయర్లు, నెలల తరబడి నడిచివెళ్లిన జనం ఉన్నారని పిల్లలకు ఆ కాగితాల చిరునామాయే చెబుతుంది.

45 నిమిషాల పీరియడు ఇలా పంచుకుంటే సరిపోతుంది: వర్ణనకు 6 నిమిషాలు, రిపోర్టు చదివి వాక్యం రాయడానికి 12, పటంతో పోల్చడానికి 12, కోర్టు సంగతికి 8, మిగిలింది రాతకు. వేలిముద్రల కార్డును చివర్లో ఇవ్వండి. ముందే ఇస్తే గుంపంతా దాని చుట్టే మూగుతుంది, మిగతావి చదవరు.

షీట్లలోని లోపాలు

మొదటిది, ‘ఆ రోజుల్లో ఏం జరుగుతోంది’ అన్న ప్రశ్న. దీనికి జవాబు పత్రంలో ఉండదు. పిల్లలు పాఠ్యపుస్తకం తీసి నాలుగు లైన్లు ఎక్కించేస్తారు, అప్పటిదాకా చేసిన పరిశీలన అక్కడితో చెడిపోతుంది. ఈ ప్రశ్నను షీటు నుంచి తీసేసి, టీచరే ముందుగా మూడు వాక్యాల పరిచయం ఇవ్వడం మేలు. అందులో సంవత్సరం, చోటు, అధికారంలో ఎవరున్నారు అన్నవి చాలు. పత్రం ఏం చెబుతుందో మాత్రం అందులో పెట్టకండి.

రెండోది, ‘ఎవరు రాశారు’ అని అడిగి ఊరుకోవడం. ప్రభుత్వ పత్రాల్లో రాసేదొకరు, చెప్పేదొకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. పోలీసు రిపోర్టులో కనిపించినట్టు, ఎవరి మాట నమోదైంది, ఎవరి మాట నమోదు కాలేదు అన్నది మన వలస పాలన పత్రాలకు మరీ ముఖ్యం. తెలుగు షీటులో ఈ రెండు ప్రశ్నలను చేర్చుకోండి: ‘ఈ సంగతి రాసినవారికి ఎలా తెలిసింది?’, ‘ఇందులో ఎవరి గొంతు వినిపించడం లేదు?’

మూడోది విసుగు. ఒకే షీటును వరుసగా నాలుగు పాఠాలకు వాడితే ఐదోసారి గడులు నింపడమే మిగులుతుంది. మొదటి రెండుసార్లు పూర్తి షీటు ఇచ్చి, ఆపైన వర్ణనతో పాటు ఒక్కో పత్రానికి నప్పే రెండు ప్రశ్నలే అడగండి. ఉదాహరణకు రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ దాడి ముందురోజు మిత్రసేనల అధిపతి ఐజెన్‌హోవర్ పెన్సిలుతో రాసుకున్న చీటీకి తేదీ ప్రశ్న ఒక్కటే పీరియడంతా నడిపిస్తుంది. దాడి విఫలమైతే ప్రకటించడానికి రాసుకున్న ఆ చీటీ మీద ఆయన ‘జులై 5’ అని వేశారు. దాడి జరిగింది 1944 జూన్ 6న. తేదీ తప్పని ఎలా రుజువు చేస్తారు, అంత పెద్ద సేనాని తేదీ తప్పు వేశారంటే ఆ రోజు మనఃస్థితి ఏమిటి? అందులోని కొట్టివేతలు ఇంకా బలమైనవి. సైన్యాలను ఉపసంహరించడం జరిగిందన్న వాక్యాన్ని కొట్టి, నేనే ఉపసంహరించానని మార్చారు. నింద ఏదైనా ఉంటే అది తన ఒక్కడిదేనని ముగించారు. ఇలాగే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి మర్నాటి ప్రసంగానికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తొలి చిత్తుప్రతి ఉంది. ‘ప్రపంచ చరిత్రలో నిలిచిపోయే తేదీ’ అని టైపు చేసినదాన్ని కొట్టి, అపకీర్తికి నిలిచే తేదీగా చేత్తో మార్చారు. చిత్తుప్రతులు దొరికినచోట అచ్చు ప్రతులను పక్కనపెట్టండి.

మూల్యాంకనానికి ఈ షీట్లు ఏ సాయమూ చేయవు. మార్కులు ఎలా వేయాలో టీచరే నిర్ణయించుకోవాలి. ఐదు మార్కుల్లో రెండు పత్రంలోని మాటలను ఆధారంగా ఎత్తిచూపినందుకే కేటాయిస్తే, పిల్లలు తొందరగా దారిలోకి వస్తారు.

డాక్స్‌టీచ్‌లో ఏది వాడాలి, ఏది వదలాలి

పత్రాలను వెతకడానికి, ఉన్న యాక్టివిటీలు నడపడానికి ఖర్చు లేదు. సొంతంగా యాక్టివిటీ తయారుచేసుకునే టీచరుకే ఖాతా కావాలి. ప్రతి పత్రం కింద అది ఏ విభాగం రికార్డో, దాని గుర్తింపు సంఖ్య ఏమిటో, హక్కుల సంగతేమిటో ఉంటుంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు విధుల్లో భాగంగా తయారుచేసినవాటికి ఆ దేశంలో కాపీరైటు లేదు. ప్రైవేటు వ్యక్తులు ప్రభుత్వానికి రాసిన ఉత్తరాలకు, పత్రికల కార్టూన్లకు ఉండొచ్చు. ముద్రించి పంచే ముందు ఆ వరుస చదవండి.

పత్రాలను కాలక్రమంలో పేర్చడం, రెండు వాదాల మధ్య త్రాసులో తూచడం, పత్రంలో కొంత భాగం కప్పి మిగతాది చూపడం, మ్యాపు మీద గుచ్చడం వంటి యాక్టివిటీ రూపాలు ఈ సైటు ప్రత్యేకత. పిల్లకో కంప్యూటరున్న అమెరికా తరగతిని మనసులో పెట్టుకుని చేసినవివి. మన బళ్లలోని ఐ.ఎఫ్.పి. ప్యానెల్ (తాకే పెద్ద తెర) మీద వేస్తే ఒక్కరు తాకుతారు, నలభైమంది చూస్తారు. అందుకే ఆలోచన తీసుకుని కాగితంతో చేయండి. త్రాసు యాక్టివిటీకి బోర్డు మీద ఒక అడ్డగీత గీయండి. ఎడమ చివర ఒక వాదం, కుడి చివర దానికి ఎదురు వాదం. ఒక్కో గుంపు తమ పత్రాన్ని గీత మీద ఎక్కడ అంటించాలో నిర్ణయించి, పత్రంలోని ఒక్క వాక్యం చదివి కారణం చెప్పాలి. పక్క గుంపు దాన్ని జరపవచ్చు, కానీ ఇంకో వాక్యం చూపించి మాత్రమే. ఆరు నుంచి ఎనిమిది పత్రాలు చాలు, అంతకు మించితే పీరియడులో తెమలదు. కాలక్రమం యాక్టివిటీకి తేదీలను తెల్లకాగితం అంటించి కప్పి జిరాక్సు తీయండి. తేదీ కనిపిస్తే అది లెక్కల ఆటవుతుంది.

యాక్టివిటీల నాణ్యత ఒకేలా ఉండదు. నేషనల్ ఆర్కైవ్స్ సిబ్బంది చేసినవి బాగా కుదురుగా ఉన్నాయి. టీచర్లు పంచుకున్నవాటిలో కొన్ని, పత్రాలు చూపించి పాఠ్యపుస్తకం ప్రశ్నలు అడిగేవే. ఎవరు తయారుచేశారో చూసి ఎంచుకోండి. అమెరికా పాఠ్యప్రణాళికకు దూరమైన విషయాలు ఈ సైటులో పలచగా ఉంటాయి, భారతదేశం గురించి వెతికితే నిరాశే. అమెరికాలో సోషల్ స్టడీస్ చెప్పే తెలుగు టీచర్లకు, అక్కడి బళ్లలో చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం ఇంతకు మించిన ఉచిత వనరు లేదు.

క్విట్ ఇండియా చెప్పేటప్పుడు వాడదగ్గ ఒక జత అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన దౌత్యపత్రాల్లో ఉంది, 1942 మొదటి సంపుటం, ఆన్‌లైన్‌లో ఉచితం. జులై 1న గాంధీ రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరం, ఆగస్టు 1 తేదీ వేసిన రూజ్‌వెల్ట్ జవాబు. భారతదేశాన్ని, ఆఫ్రికాను బ్రిటన్ దోచుకుంటున్నంతకాలం, అమెరికా ఇంట్లో నీగ్రోల సమస్య ఉన్నంతకాలం స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామన్న మిత్రరాజ్యాల మాట డొల్లగానే వినిపిస్తుందని గాంధీ అందులో రాశారు. ఆగస్టు 9న ఆయన అరెస్టయ్యారు. రోజా పార్క్స్ కాగితాల పక్కన ఈ ఉత్తరం పెడితే రెండు వేర్వేరు పాఠాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

అదే పద్ధతిలో మన పత్రాలు

షీటు అమెరికాదైనా పత్రం మనదైతేనే తరగతి నిజంగా కదులుతుంది. భారత జాతీయ ఆర్కైవ్స్ 2015లో ప్రారంభించిన అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఉచితంగా నమోదై వెతకొచ్చు. పత్రాల సంపదలో అది దేనికీ తీసిపోదు, టీచరుకు సాయంలో మాత్రం డాక్స్‌టీచ్‌కు చాలా వెనక ఉంది. ఎంపిక చేసిన పేజీలు లేవు, ప్రశ్నలు లేవు. మొత్తం ఫైలు ఒకే ముద్దగా వస్తుంది, పదుల నుంచి వందల పేజీలు. అందులో తరగతికి పనికొచ్చేది ఒకటో రెండో పేజీలు. ఆ ఏరివేత టీచరే చేసుకోవాలి.

వెతుకులాటలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు, కారణం ఊళ్ల పేర్లు. జాబితాలన్నీ వలసకాలపు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఉన్నాయి. విజయవాడకు బెజవాడ, కాకినాడకు కోకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విశాఖపట్నానికి విజగపటం, మచిలీపట్నానికి మసులిపటం, కడపకు కడ్డప్పా అని ఇంగ్లీషులో కొట్టాలి. హైదరాబాదు సంస్థానానికి నిజామ్స్ డొమీనియన్స్ అని, రెసిడెన్సీ పేరుతోనూ వెతకాలి. ఊరు దొరక్కపోతే ‘మద్రాస్’ అని, సంవత్సరం, హోం డిపార్టుమెంటు పొలిటికల్ శాఖ పెట్టి జల్లెడ పట్టండి.

ఫైలు తెరిచాక ‘నోట్స్’ అన్న భాగం ముందు చూడండి. వలస ప్రభుత్వ ఫైలులో నోట్స్, కరెస్పాండెన్స్ అని రెండు పాళ్లుంటాయి. కరెస్పాండెన్స్‌లో బయటికి వెళ్లిన, లోపలికి వచ్చిన మర్యాదైన ఉత్తరాలుంటాయి. నోట్స్‌లో అధికారులు తమలో తాము రాసుకున్న అభిప్రాయాలు, కింద పొడి అక్షరాల సంతకాలు, తేదీలు ఉంటాయి. ప్రభుత్వం లోపల ఎవరు తటపటాయించారో, ఎవరు కటువుగా ఉండమన్నారో అక్కడే తెలుస్తుంది. ఒకే రోజు నోట్సు పేజీని, బయటికి వెళ్లిన ఉత్తరాన్ని పక్కపక్కన ఇస్తే, లోపలి మాటకు, పైకి చెప్పిన మాటకు తేడా పిల్లలే పట్టుకుంటారు.

మద్రాసు ప్రభుత్వ జీవో అయితే పైన సారాంశం, మధ్యలో చదివిన కాగితాలు, చివర ఆర్డరు ఉంటాయి. టీచర్లు సాధారణంగా ఆర్డరే జిరాక్సు తీస్తారు. మధ్యలోని కాగితాలే తీయండి, కలెక్టరు నివేదికో, జనం పెట్టుకున్న అర్జీయో అక్కడ ఉంటుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల పాత రికార్డుల్లో పెద్దభాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. అసఫ్‌జాహీల కాలపువి, అంతకు ముందరి మొగలాయి పత్రాలు హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎక్కువ ఫార్సీ, ఉర్దూ కాబట్టి అనువాదం చేతిలో లేకుండా తరగతికి తీసుకెళ్లొద్దు.

రంప తిరుగుబాటుకు ఈ జత ప్రయత్నించండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసింది. రాష్ట్ర ప్రభుత్వాలు పదిహేను రోజులకోసారి ఢిల్లీకి రహస్యంగా రాజకీయ పరిస్థితి నివేదికలు పంపేవి. ఆగస్టు రెండో పక్షం, సెప్టెంబరు మొదటి పక్షం మద్రాసు నివేదికల కోసం వెతకండి. వాటి పక్కన ఆ వారాల కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక పేజీలు. ‘ఈ సంగతి రాసినవారికి ఎలా తెలిసింది’ అన్న ప్రశ్న రెండింటినీ అడగాలి, పత్రికను మినహాయించకూడదు. మన్యం నుంచి బందరుకో మద్రాసుకో వార్త చేరడానికి రోజులు పట్టేది, సర్కారు ప్రకటనలను పత్రికలూ వాడుకునేవి. గిరిజనుల మాట రెండింటిలోనూ ఎంత తక్కువో తేలడమే ఈ పాఠంలో అతి ముఖ్యమైన ఫలితం.

పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. అక్కడ దొరకని సంచికలకు 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడదగ్గవి. తెలంగాణకు 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఉండనే ఉంది. గ్రాంథికం పిల్లలకు కొరుకుడు పడదు. పది పదాలకు అర్థాలు పక్కన అచ్చువేసి ఇవ్వండి, మొత్తం వాడుక భాషలోకి తిరగరాయకండి, తిరగరాస్తే అది మూల పత్రం కాదు. తెలుగు అంకెల పట్టిక ఒకటి గోడకు తగిలిస్తే చాలు.

తేదీల్లో ఒక గొయ్యి ఉంది, ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన పంటల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. కానీ మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, హైదరాబాదులో అక్టోబరు మొదటివారంలో, ఆజూరు నెలతో. అందువల్ల హైదరాబాదు కాగితం మీది 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. నెల చూడకుండా 1947 అని రాసేస్తే 1948 సెప్టెంబరు పోలీసు చర్య ముందు నెలల పత్రం ఏడాది వెనక్కి పోతుంది. నెల పేరు లేని పత్రానికి రెండు సంవత్సరాలూ గీత పెట్టి రాయించండి.

ముద్రణ

అమెరికా పీడీఎఫ్‌లు లెటర్ సైజులో ఉంటాయి. ఏ4 మీద తీసేటప్పుడు ‘ఫిట్’ పెట్టకపోతే అంచులు తెగుతాయి, పత్రాలకైతే మార్జిన్లోని ముద్రలు, నంబర్లు పోతాయి. పసుపుబారిన కాగితాన్ని కలర్ స్కాన్ నుంచి నేరుగా జిరాక్సు కొడితే నేపథ్యం నల్లబడి చేతిరాత మునిగిపోతుంది. ముందు గ్రేస్కేలుకు మార్చి, ఫోన్‌లోని ఎడిటర్‌లోనే వెలుతురు, కాంట్రాస్టు పెంచండి. పూర్తి నలుపు తెలుపుకు మార్చకండి, పెన్సిలు గీతలు, పలచని స్టాంపులు మాయమవుతాయి. చేతిరాతకు 300 డీపీఐ కావాలి, టైపు కాగితానికి 200 చాలు. వెనక పేజీ సిరా ముందుకు ఊరినచోట ఏ సర్దుబాటూ పనిచేయదు, ఆ పేజీ వదిలేసి ఇంకోటి వెతకండి.

చేతిరాత పత్రానికి టైపు ప్రతి జతచేయండి, కానీ వర్ణన మెట్టు అయ్యాకే పంచండి. టైపు ప్రతి చేతికొచ్చాక అసలును ఎవరూ చూడరు. గుంపుకు ఒక్క కాపీ చాలు. ప్లాస్టిక్ కవర్లో పెడితే నాలుగు సెక్షన్లకు తిరుగుతుంది, మార్కరు పెన్నుతో కవరు మీదే గీయించి తుడిపించొచ్చు.

ప్రతి కాపీ వెనక ఆర్కైవ్స్ పేరు, శాఖ, ఫైలు నంబరు, సంవత్సరం, పేజీ ఇంకుతో రాయండి. దింపుకున్న పీడీఎఫ్‌కు కూడా అదే పేరు పెట్టి దాచండి. వచ్చే ఏడు అదే పేజీ మళ్లీ కావాలంటే ఆ నంబరు లేకుండా పోర్టల్‌లో దొరకబుచ్చుకోవడం దాదాపు అసాధ్యం.